రోజ్‌బడ్ గుడారాలు, మా నాయనమ్మ మంచినీళ్ళు

ప్రతి డిసెంబర్ 31 సాయంత్రం ఆరున్నరకి నేను గడియారం వైపు చూస్తాను. ఇంట్లో అందరూ కొత్త ఏడాది అర్ధరాత్రి చర్చిలో జరిగే వాచ్ నైట్ సర్వీసు హడావిడిలో ఉంటారు, అమ్మ ఇస్త్రీ చీర మంచం మీద పరిచి జాకెట్టు వెతుక్కుంటూ ఉంటుంది, గుంటూరు బ్రాడీపేట సందుల్లో కేకు డబ్బాలు బండి ముందు పెట్టుకుని జనం తిరుగుతుంటారు, నాకేమో ఇప్పుడు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి రోజ్‌బడ్‌లో పన్నెండయ్యింది కదా అనిపిస్తుంది. డిసెంబర్ రోజుల్లో వాళ్ళ గడియారం మనకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. మొన్న మా పాప "ఎందుకు నాన్నా ప్రతిసారీ గడియారం చూసి అలా నిలబడిపోతావు" అని అడిగింది, దానికి కొంచెం చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా, మర్చిపోకముందే.

2008లో మాస్టర్స్ కోసం మెల్‌బోర్న్ వెళ్ళాను. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలని అప్పటి వీసా రూలు, సెలవుల్లో ఎన్ని గంటలైనా చేసుకోవచ్చు, అందుకని డిసెంబర్ జనవరి వస్తే మాలాంటి వాళ్ళందరం వచ్చే సెమిస్టర్ ఫీజు కూడబెట్టుకునే పనిలో పడేవాళ్ళం. నేను ఒక పెట్రోల్ బంకులో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. ఆదివారం ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న చర్చికి వెళ్ళేవాణ్ణి, 60 మంది వస్తే ఎక్కువ, అందులో ముప్పాతిక మంది తల నెరిసినవాళ్ళే. గుంటూరులో మా లూథరన్ చర్చిలో క్రిస్మస్ రోజు లోపల చోటు లేక బయట షామియానా కింద కూర్చున్నవాణ్ణి నేను, అక్కడ సగం బెంచీలు ఖాళీగా చూస్తే మొదట్లో గుండె బరువెక్కేది.

ఆ చర్చి యూత్ లీడర్‌ని అక్కా అని పిలిచేవాణ్ణి, అర్థం చెప్తే ఆవిడకి నచ్చి మిగతా వాళ్ళతో కూడా అలాగే పిలిపించుకుంది. 2009 నవంబర్‌లో ఒక ఆదివారం నన్ను పక్కకి పిలిచి బీచ్ మిషన్‌కి వస్తావా అని అడిగింది. క్రిస్మస్ అయ్యాక పది రోజులు, రోజ్‌బడ్ అనే ఊళ్ళో, సెలవులకి వచ్చి గుడారాల్లో ఉండే పిల్లల మధ్య, కుర్రాళ్ళ మధ్య మనం కూడా గుడారాలు వేసుకుని ఉండాలి, పొద్దున చిన్న పిల్లలకి ప్రోగ్రామ్, రాత్రి టీనేజ్ వాళ్ళకి కేఫ్ టెంట్. జీతం పోతుంది, పైగా తిండి ఖర్చు మనదే. నేను వెంటనే సరే అన్నాను. ఎందుకంటే నాకు అది మా వీబీఎస్ లాగా, అంటే వేసవి సెలవుల్లో చర్చి పిల్లలకి నడిపే వెకేషన్ బైబిల్ స్కూల్ లాగా అనిపించింది.

గుంటూరులో చర్చికి వెళ్ళే ఏ పిల్లవాణ్ణి అడిగినా వీబీఎస్ అంటే ఏంటో చెప్తాడు. మే నెల, 44 డిగ్రీల ఎండ, చర్చి కాంపౌండులో వేపచెట్టు కింద చాపలు, పది రోజులు యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలు, మధ్యలో రస్నా, రెండు బిస్కెట్లు. చివరి రోజు జెండాలు పట్టుకుని రోడ్ల మీద ర్యాలీ, గొంతు పోయేదాకా నినాదాలు, సాయంత్రం ప్రోగ్రామ్‌లో సర్టిఫికెట్లు. ఏడో క్లాసులో అన్ని వాక్యాలూ తప్పు లేకుండా అప్పజెప్పినందుకు నాకొచ్చిన స్టీలు టిఫిన్ బాక్స్ ఇంటర్ దాకా వాడాను. ఇంటర్ అయ్యాక నేనే వీబీఎస్ టీచర్నయ్యాను, మైకు పట్టుకుంటే వంద మంది పిల్లల్ని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టేవాణ్ణి. అలాంటివాణ్ణి, ఆస్ట్రేలియా అయితే ఏంటి పిల్లలు పిల్లలే కదా అనుకున్నాను.

వెళ్ళేముందు పోలీసు రికార్డులు చూసి ఇచ్చే కార్డు ఒకటి తీసుకోవాలన్నారు, వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అంటారు, వాలంటీర్లకి ఫ్రీ. ఏ పిల్లవాడితోనూ పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరగాలి, తల్లో తండ్రో సంతకం పెడితేనే పిల్లవాణ్ణి టెంట్‌లోకి తీసుకోవాలి. అప్పుడు నాకు ఇదంతా అతి అనిపించింది. ఇప్పుడు మా వీబీఎస్‌లో నేనే పట్టుబట్టి సంతకాల పుస్తకం పెట్టించాను.

డిసెంబర్ 27 ఆదివారం. శనివారం రాత్రి షిఫ్ట్ దిగి, నిద్ర లేకుండా ఫ్రాంక్‌స్టన్ ట్రైన్ ఎక్కి, అక్కడ 788 నంబర్ బస్సు పట్టుకుని దిగాను. మెల్‌బోర్న్ నుంచి దాదాపు 75 కిలోమీటర్లు. రోడ్డుకి ఒకవైపు షాపులు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో టీ-ట్రీ అనే వంకర టింకర చెట్లు, ఆ చెట్ల కింద కంటికి కనపడినంత మేర గుడారాలు, కారవాన్లు, వాటి ముందు మడత కుర్చీలు, తాడు మీద తడి తువ్వాళ్ళు. తాతల నాటి నుంచి అదే చోటు బుక్ చేసుకుని వచ్చే కుటుంబాలున్నాయట అక్కడ. సముద్రం మన సూర్యలంక లాగా విరుచుకుపడేది కాదు, పోర్ట్ ఫిలిప్ బే కదా, చెరువులాగా ఉంటుంది, ఎంత దూరం నడిచినా మోకాళ్ళ లోతే. రాత్రి 8.45 దాకా సూర్యుడు దిగడు. పిల్లల ముక్కుల మీద నీలం రంగు, గులాబీ రంగు జింక్ క్రీము పూసి ఉండేది.

మాకు పసుపు రంగు టీషర్టులు ఇచ్చారు. మర్నాడు పొద్దున మాలో ఇద్దరిద్దరం గుడారం గుడారానికి వెళ్ళి పిల్లల ప్రోగ్రామ్ గురించి చెప్పి రావాలి. నేను గుంటూరు నుంచి వస్తూ ఇంగ్లీషు కరపత్రాల కట్ట ఒకటి సూట్‌కేస్‌లో తెచ్చుకున్నాను, అది బయటికి తీస్తే అక్క చూసి నెమ్మదిగా "ఇవి వద్దు, ముందు మనుషుల్ని కలుద్దాం" అంది. నాకు లోపల కోపం వచ్చింది, సువార్తకి సిగ్గుపడటమేంటి అనుకున్నాను. మొదటి గుడారం దగ్గర నిలబడి వీబీఎస్ గొంతుతో మొదలుపెట్టాను, మేము ఫలానా చర్చి, యేసు ప్రభువు మీ పిల్లల్ని ప్రేమిస్తున్నాడు అని. ఆ తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టి మర్యాదగానే "మేం సెలవులకి వచ్చాం మేట్" అన్నాడు. రెండో చోట ఒకావిడ నేను మాట్లాడుతుండగానే జిప్పు లాగేసుకుంది. ఏడో గుడారమో ఎనిమిదో గుడారమో, అక్కడ ఒక చిన్న పిల్ల నా వంక చూసి వాళ్ళమ్మతో "ఈయన ఎందుకు అరుస్తున్నాడు" అంది. నేను అరవట్లేదు. మైకు అలవాటు గొంతు అది, నాకు మామూలే, వాళ్ళకి అరుపు.

ఆ రోజు సాయంత్రం అక్కని అడిగి పక్కకెళ్ళి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. ఇక్కడ సమైక్యాంధ్ర బందులు, బస్సుల్లేవు, అమ్మ ఆ కబుర్లు చెప్తుంది, నేను ఊ కొడుతున్నా. ఇంతలో నాయనమ్మ ఫోన్ లాక్కుంది.

మా నాయనమ్మ గురించి చెప్పాలి. కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టింది, డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చి 1898లో తెరిచిన ఆసుపత్రి అది. తాతయ్య పోయాక బైబిల్ ఉమన్‌గా చేరింది, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి బైబిల్ చెప్పే పని. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలీదు. భుజానికి గుడ్డసంచి, అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, బొమ్మల పిక్చర్ రోల్, చేతిలో గొడుగు, తాడికొండ వైపు పల్లెలన్నీ కాలినడకన తిరిగేది. నేను ఐదారేళ్ళ వయసులో రెండు మూడుసార్లు ఆమె వెంట వెళ్ళాను, అప్పటికి ఆమె పని మానేసింది, తెలిసిన వాళ్ళని చూడటానికి పోయేది అంతే. ఏ ఇంటికి పోయినా వాకిట్లో నిలబడి మొదట అడిగేది ఒకటే, "అమ్మా, కాసిని మంచినీళ్ళు పోస్తావా." నీళ్ళు తాగి అరుగు మీద కూర్చుని, ఆ ఇల్లాలి చేతిలో చేట అందుకుని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టేది. రాళ్ళు ఏరేది, వడ్లగింజలు ఏరేది, ఆ ఇంటి కష్టం సుఖం అన్నీ వినేది. ప్రభువు మాట వచ్చేసరికి చేట సగం అయ్యేది. ఒక్కో రోజు రానే రాదు, బియ్యం మాత్రం అయిపోయేవి.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది ఆమె నాకు పెద్దయ్యాక చెప్పింది. ఆ రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో మా వాళ్ళకి గ్లాసు ఇచ్చేవాళ్ళు కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్ళు. నాయనమ్మ ఆ దోసిట్లో నీళ్ళే తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, అదే అరుగు కింద కూర్చునేది, మళ్ళీ వారం మళ్ళీ అదే ఇంటికి పోయేది. "కోపం రాలేదా నాయనమ్మా" అని అడిగితే "వచ్చింది. కోపం ఉంటే దాహం తీరదా ఏంది" అంది.

సరే, ఆ నాయనమ్మ ఫోన్‌లో, "ఏందిరా అబ్బాయ్, గొంతు అట్టా ఉంది" అంది. వాళ్ళు వినట్లేదు నాయనమ్మా అన్నాను.

"నువ్వేం అడిగావు వాళ్ళని?"

"అడగడమేంటి, చెప్పడానికి కదా వెళ్ళింది."

"అదే మరి. ప్రభువంతటివాడు సమరయలో బావి కాడ కూర్చుని, నీళ్ళకొచ్చిన ఆడమనిషిని ముందు నీళ్ళడిగాడు. నువ్వెవడివిరా, ఏం అడక్కుండా పోయి నిలబడి చెప్పడానికి? పెట్టేవాడిలా పోమాక. రేపు పోయి మంచినీళ్ళడుగు."

కార్డులో నిమిషాలు అయిపోయి కట్ అయింది.

మర్నాడు ఏం అడగాలో నాకు తెలియలేదు, కుళాయి ప్రతి వంద అడుగులకీ ఒకటి ఉంది, నీళ్ళడిగితే పిచ్చోడనుకుంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా టీమ్ గిన్నెలు కడిగే వంతు నాది, నాకు జతగా ఉన్న, నేను తమ్ముడూ అని పిలిచే మా టీమ్ కుర్రాడిది. ఆ క్యాంపుల్లో గిన్నెలు కడగడానికి అందరికీ కలిపి ఒక రేకుల షెడ్డు ఉంటుంది, వరసగా స్టీలు సింకులు, వేడినీళ్ళు. మా దగ్గర లిక్విడ్ అయిపోయింది. పక్క సింకులో ఒక పొడుగు కుర్రాడు, పదహారేళ్ళుంటాయి, ముక్కు ఎండకి కమిలి తోలు లేచిపోయి ఉంది, ఆరుగురి ప్లేట్లు ముందు పోసుకుని విసుగ్గా తోముతున్నాడు. "కొంచెం సోప్ ఇస్తావా" అని అడిగాను. ఇచ్చాడు. మా గిన్నెలు అయ్యాక ఊరికే ఉండలేక వాడి తువ్వాలు తీసుకుని వాడు కడిగిన ప్లేట్లు తుడవడం మొదలుపెట్టాను. వాడు ఒకసారి నా వంక చూసి ఏం అనలేదు.

అంతే, నాకు అరుగు దొరికింది.

ఆ తర్వాత రోజూ రెండు పూటలా ఆ షెడ్డులోనే ఉండేవాళ్ళం. అక్క కూడా గమనించి మా వంతు కాకపోయినా గిన్నెలు మాకే ఇచ్చేది. ఆ షెడ్డు పక్క సైటులో ఒక పెద్దాయన ఉండేవాడు, చెవి పక్కన రేడియో పెట్టుకుని బాక్సింగ్ డే టెస్టు వినేవాడు, ఆ ఏడాది పాకిస్తాన్ మీద. నన్ను చూసి ఇండియాలో ఎక్కడ అని అడిగాడు, ఆంధ్ర అంటే తెలీలేదు, లక్ష్మణ్ మాట్లాడే భాషే మాది అన్నాను. ఆయన రేడియో సౌండు తగ్గించేశాడు. 2001 కలకత్తా, ఫాలో ఆన్, 281, లక్ష్మణ్ ద్రావిడ్ ఇద్దరూ కలిసి రోజంతా ఒక్క వికెట్ కూడా ఇవ్వని సంగతి, మొత్తం బంతి బంతికి చెప్పాడు, ఆరోజు మాకు ఏడుపొచ్చింది కానీ టీవీ కట్టేయలేకపోయాం అన్నాడు. ఓడిపోయిన మ్యాచ్‌ని అంత ప్రేమగా చెప్పే మనిషిని నేను చూడలేదు. వాళ్ళ మనవలు ముగ్గుర్నీ మర్నాడు పిల్లల ప్రోగ్రామ్‌కి ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సంతకం పెట్టాడు.

పిల్లల ప్రోగ్రామ్ గురించి ఒక రోజు మాత్రం చెప్తాను. అక్క మాకు ఒక కథ చెప్పింది, 1868లో వేల్స్‌లో లాండుడ్నో అనే ఊరి బీచ్‌లో జోసయా స్పియర్స్ అనే ఆయన సెలవులకి వచ్చిన పిల్లల్ని పిలిచి ఇసకలో దేవుడు ప్రేమ అని రాసి, దాన్ని నాచుతో రాళ్ళతో అలంకరించమన్నాడట, స్క్రిప్చర్ యూనియన్ వాళ్ళ బీచ్ మిషన్లకి అది మొదలట. మనం కూడా అలాగే చేద్దాం అని పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళాం. ఇంగ్లీషులో రాయడం అయ్యాక ఒక పాప, మొన్న నన్ను అరుస్తున్నాడన్న పాపే, నా దగ్గరికొచ్చి "మీ అక్షరాల్లో ఎలా రాస్తారు" అంది. ఒక కర్ర తీసుకుని మనిషంత అక్షరాలతో రాశాను, దేవుడు ప్రేమాస్వరూపి. పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు, అన్నీ గుండ్రంగా ఉన్నాయి, బుడగల్లా ఉన్నాయి అన్నారు. గవ్వలు ఏరుకొచ్చి ఒక్కో అక్షరం ఒక్కొక్కరు పంచుకున్నారు. ఆ పాప "దే" తీసుకుంది, దకారం నెత్తిన ఏత్వం ఉంటుంది చూడు అని నేను చూపిస్తే ఆ ఏత్వం కొస కోసం బీచ్ అంతా తిరిగి ఒక ఎర్ర రాయి తెచ్చి పెట్టింది. ప్రేమలో క్రావడి దగ్గర ఇద్దరు అబ్బాయిలు కొట్టుకున్నారు, అది ఏ అక్షరం కిందకొస్తుందని. వాళ్ళ నాలుకకి మాట తిరగదు, "డేవుడు" అనేవాళ్ళు, సాయంత్రం దాకా గుడారాల మధ్య డేవుడు డేవుడు అని వినపడుతూనే ఉంది. నేను ఆ రాత్రి పడుకుని చాలాసేపు ఏడ్చాను. 1842 జూలై 31న 49 ఏళ్ళ వయసులో, మా లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ గారు గుంటూరులో దిగినప్పుడు ఆయన నోటికి కూడా మన మాట ఇలాగే తిరిగి ఉండదు కదా. ఆయన అమెరికా నుంచి వచ్చాడు, వీళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళు, లెక్కకి సంబంధం లేదు, కానీ గ్రీకులకీ గ్రీకులు కానివాళ్ళకీ నేను ఋణస్థుణ్ణి అని బైబిల్లో పౌలు రాసిన మాట చిన్నప్పటి నుంచి అప్పజెప్పినవాణ్ణి, ఆ రాత్రి దాని బరువు తెలిసింది.

పొడుగు కుర్రాడి సంగతికి వస్తా. 31వ తారీఖు మధ్యాహ్నం, సింకు దగ్గర, పక్కన తమ్ముడు ఉన్నాడు, రెండు సింకుల అవతల వాళ్ళమ్మ ఉంది, వాడు ఉన్నట్టుండి "నువ్వు ఇదంతా నిజంగా నమ్ముతావా" అని అడిగాడు. నమ్ముతాను అన్నాను. అప్పుడు చెప్పాడు, జూలైలో వాళ్ళ నాయనమ్మ చనిపోయిందట, నాన్ అని పిలుస్తారు వాళ్ళు, ప్రతి ఏడాది వీళ్ళతో ఇదే సైటుకి వచ్చేదట. అంత్యక్రియల్లో పాస్టరు ఆమె ఇంతకన్నా మంచి చోట ఉంది, ఏడవకండి అన్నాడట. "మంచి చోట ఉంటే నాకెందుకు ఇంత కష్టంగా ఉంది" అన్నాడు. వాడి చేతులు నీళ్ళల్లోనే ఉన్నాయి, ఒకే ప్లేటు తిప్పి తిప్పి తోముతున్నాడు.

నా దగ్గర ఇంగ్లీషు ప్రసంగం ఏమీ లేదు. మా అమ్మ వాళ్ళ నాన్న పోయినప్పుడు నేను ఎలా ఏడ్చానో చెప్పాను. తన స్నేహితుడు లాజరు చనిపోతే యేసు ఆ సమాధి దగ్గరికి వెళ్ళాడు, ఇంకాసేపట్లో తనే లేపబోతున్నాడు, ఆ సంగతి ఆయనకి తెలుసు, అయినా అక్కడ నిలబడి ఏడ్చాడు అని చెప్పాను. వాడు ప్లేటు వదిలేశాడు.

"ఆయన ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"అది రాసి ఉందా?"

యోహాను సువార్త, పదకొండో అధ్యాయం అని చెప్పాను. పుట్టినప్పటి నుంచి ప్రతి ఈస్టర్‌కి సెలవు తీసుకున్న పిల్లవాడు, ఆ మాట ఎప్పుడూ వినలేదు. మా పల్లెల్లో నాయనమ్మ పిక్చర్ రోల్ చూసిన, చదువురాని ముసలమ్మలకి కూడా లాజరు తెలుసు. ఆ రాత్రి కేఫ్ టెంట్‌కి వచ్చి, హాట్ చాక్లెట్ పట్టుకుని ఒక మూల కూర్చుని, అక్క దగ్గర బైబిల్ అడిగి తీసుకుని ఆ అధ్యాయం చదువుకున్నాడు. ఎవరం వాడి దగ్గరికి వెళ్ళలేదు.

ఆ రాత్రి పౌర్ణమి. పన్నెండింటికి దూరంగా పటాసులు, ఒడ్డున జనం అరుపులు, మేము పదిహేను మందిమి మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి ప్రార్థన చేసుకున్నాం. అక్క అందరికీ చిన్న చిన్న చీటీల మీద వాక్యాలు రాసి ఇచ్చింది, మా ఊళ్ళో వాచ్ నైట్‌కి వాగ్దానం కార్డులు తీస్తాం అని నేను చెప్తే అప్పటికప్పుడు రాసింది. ఇక్కడ గుంటూరులో అమ్మ వాళ్ళు ఇంకా సర్వీసుకి బయల్దేరనేలేదు. వాళ్ళు అర్ధరాత్రి దాటాక చర్చి బయటికొచ్చేసరికి చంద్రుడికి ఒక పక్క చిన్న గ్రహణం పట్టి ఉందట, నాయనమ్మ మెడ పైకెత్తి చాలాసేపు చూసిందని అమ్మ తర్వాత చెప్పింది.

జనవరి 3 ఆదివారం పొద్దున పిడుగులాంటి వార్త. ముందురోజు రాత్రి మెల్‌బోర్న్‌లో పంజాబ్ నుంచి చదువు కోసం వచ్చిన కుర్రాడు పనికి నడిచి వెళ్తుంటే పార్కులో కత్తితో పొడిచేశారు, చనిపోయాడు. 2009 అంతా మన వాళ్ళ మీద దాడుల వార్తలే, దానికి తోడు ఇది. నేను కూడా నైట్ షిఫ్ట్‌కి అలాగే నడిచి వెళ్ళేవాణ్ణి, జేబులో పది డాలర్లు, బ్యాగులో అన్నం డబ్బా. ఇక్కడ టీవీల్లో పొద్దుటి నుంచి అదే, అమ్మ ఏడుస్తూ ఫోన్, చదువూ వద్దు ఏమీ వద్దు వచ్చేయ్ నాన్నా అని. నాకు చేతులు వణికాయి. ఆ రోజు పిల్లల ప్రోగ్రామ్‌కి వెళ్ళలేదు, గుడారంలోనే పడుకున్నాను, బయట అడుగుల చప్పుడు వినపడితే లేచి కూర్చునేవాణ్ణి. అక్క వచ్చి పక్కన కూర్చుంది, ఏమీ చెప్పలేదు, నాకు అది చాలా పెద్ద సహాయం.

రాత్రి మాత్రం లేచి కేఫ్ టెంట్‌కి వెళ్ళాను. పదిన్నరకి టెంట్ మూసేస్తాం, మా టీమ్ వాళ్ళం ఇద్దరిద్దరం కలిసి టీనేజ్ పిల్లల్ని వాళ్ళ వాళ్ళ సైట్ల దాకా నడిపించి రావాలి, అది రోజూ ఉండే డ్యూటీ. ఆ రోజు చెట్ల మధ్య చీకటి చూస్తే నాకు కాళ్ళు కదల్లేదు. పొడుగు కుర్రాడు వచ్చాడు, వాడితో ఇంకో ముగ్గురు, వాళ్ళ వెనక వాళ్ళ నాన్న టార్చి పట్టుకుని ఉన్నాడు. "రేడియోలో విన్నాం. ఈ రోజు మేం నిన్ను నడిపిస్తాం" అన్నాడు వాడు.

నాకు అటు ఇద్దరు ఇటు ఇద్దరు, ముందు వాళ్ళ నాన్న, వెనక తమ్ముడు. మా గుడారం దగ్గరే, ఐదు నిమిషాల దారి, వాళ్ళు మాత్రం నన్ను చుట్టూ తిప్పి ముందు వాళ్ళ కారవాన్ దగ్గరికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ స్టవ్ మీద నీళ్ళు పెట్టి ఉంది. ఆవిడ లోపలికెళ్ళి అల్మరా వెతికి ఒక కప్పు తెచ్చింది, తెల్ల ఎనామిల్ కప్పు, అంచు నీలం, పిడి దగ్గర పెచ్చు ఊడి నల్లగా ఉంది. ఆ కప్పు చూసి కుర్రాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ "ఫర్వాలేదు" అని టీ పోసి నా చేతిలో పెట్టింది. తర్వాత నడుస్తుంటే వాడు చెప్పాడు, అది నాన్ కప్పు, ఈసారి సెలవుల్లో దాన్ని ఇంకా ఎవరూ బయటికి తీయలేదని. మా గుడారం దగ్గర ఆగి, చేతులు జేబుల్లో పెట్టుకుని, "మీరు చేస్తారు కదా, అలాంటిది ఏదన్నా చేస్తావా" అన్నాడు. ప్రార్థన అనే మాట వాడి నోటికి రాలేదు. నేను అందరి ముందూ అక్కడే చేశాను, చనిపోయిన పిల్లవాడి తల్లి కోసం, వీళ్ళ నాన్ లేని సెలవుల కోసం. తెలుగులోనే వచ్చేసింది. వాళ్ళు టార్చి కిందకి దించి తలలు వంచి నిలబడ్డారు.

తిరిగొచ్చాక ఇక్కడ చర్చిలో నా సాక్ష్యం చెప్పమన్నప్పుడు ఎంతమంది రక్షణ పొందారు బ్రదర్ అని అడిగారు. నా దగ్గర లెక్క లేదు. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడో నాకు తెలీదు, ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి వాడికి, వాడి పేరు మాత్రం నా బైబిల్లో యోహాను పదకొండు దగ్గర పెన్సిల్‌తో రాసుకున్నాను. నాయనమ్మ 2013లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ జనవరి 3 రాత్రి గుడారంలోకి వెళ్ళి కొత్త కార్డు గీకి ఫోన్ చేశాను. మా దగ్గర పదకొండు దాటింది, ఇక్కడ సాయంత్రం ఐదు ముప్పావు. అమ్మ మాట్లాడలేకపోతుంటే నాయనమ్మ తీసుకుంది. వచ్చేయమని గానీ ఉండమని గానీ అనలేదు.

"ఇవాళ ఎవరింటికన్నా పోయావా?" అంది.

"పోయాను నాయనమ్మా. టీ ఇచ్చారు."

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక టీవీ చప్పుడు వినపడుతుంది.

"ఎందులో ఇచ్చార్రా?"

"వాళ్ళ నాయనమ్మ కప్పులో."

"కప్పు కడిగిచ్చి వచ్చావా?"

"లేదు, మర్చిపోయాను."

"రేపు పొద్దున్నే పోయి కడిగి రా" అంది, "ఇంక ప్రార్థన చేసుకుని పడుకో."